కాంతి తరంగమా, కణమా? అంతకంటే ముందు అది ఎక్కడ పుడుతోందో చూద్దాం

కాంతి పాఠం స్కూల్లో అందరికీ ఒకే వరసలో వస్తుంది. ముందు అద్దాలు, కటకాలు, పతన కోణం పరావర్తన కోణానికి సమానం. ఆ లెక్కలన్నీ అయ్యాక ఎప్పుడో పై తరగతుల్లో హఠాత్తుగా "కాంతికి ద్వంద్వ స్వభావం ఉంది, కొన్నిసార్లు తరంగంలా, కొన్నిసార్లు కణంలా ప్రవర్తిస్తుంది" అని ఒక వాక్యం పడేసి, దాన్ని రెండు మార్కుల ప్రశ్నగా మార్చేసి ముందుకెళ్లిపోతారు. ఆ వాక్యం రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్లలో ఎంతమందికి అది అర్థమైందో అడక్కపోవడమే మంచిది.

నా ఉద్దేశంలో చిక్కు కాంతిలో కన్నా ఆ పాఠం చెప్పే వరసలోనే ఎక్కువ ఉంది. కాంతి అంటే ఏమిటి అని నేరుగా అడిగితే ఎవరైనా తడబడతారు. అదే, కాంతి ఎక్కడ పుడుతుంది, ఎలా పుడుతుంది అని మొదలుపెడితే, అది ఏమిటన్న ప్రశ్న సగం దారిలోనే తేలిపోతుంది. చరిత్రలో జరిగిందీ అదే. కాంతి స్వభావం గురించిన అతి పెద్ద మలుపు అద్దాల దగ్గరో పట్టకాల దగ్గరో రాలేదు, బాగా వేడెక్కిన వస్తువు ఎందుకు ఆ రంగులోనే మెరుస్తుంది అనే ప్రశ్న దగ్గర వచ్చింది.

అన్ని దీపాల అడుగునా ఒకటే పని

కొవ్వొత్తి, మెరుపు, మిణుగురు పురుగు, ఎల్‌ఈడీ బల్బు, సూర్యుడు. చూడ్డానికి ఒకదానికొకటి పొంతన లేదు. ఒకటి మండుతుంది, ఒకటి చల్లగా ఉంటుంది, ఒకటి రెప్పపాటులో పోతుంది, ఒకటి 450 కోట్ల ఏళ్లుగా వెలుగుతూనే ఉంది. కానీ లోపలికి వెళ్లి చూస్తే అన్నిట్లోనూ జరిగే పని ఒకటే: విద్యుదావేశం ఉన్న కణం, దాదాపు ప్రతిసారీ అది ఎలక్ట్రానే, తన దగ్గరున్న శక్తిలో కొంత వదులుకుంటుంది, ఆ శక్తి కాంతిగా బయటికి పోతుంది.

ఆవేశానికీ కాంతికీ ఏమిటి సంబంధం? ప్రతి ఆవేశం చుట్టూ విద్యుత్ క్షేత్రం ఉంటుంది. ఆ కణం కదలకుండా కూర్చున్నా, ఒకే వేగంతో తిన్నగా పోతున్నా గొడవేం లేదు. అది ఊగిందా, ఒక్కసారిగా ఆగిందా, మలుపు తిరిగిందా, చుట్టూ ఉన్న క్షేత్రం కలత చెందుతుంది. మారుతున్న విద్యుత్ క్షేత్రం అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది, మారుతున్న ఆ అయస్కాంత క్షేత్రం మళ్లీ విద్యుత్ క్షేత్రాన్ని పుట్టిస్తుంది, ఇలా ఒకదాన్నొకటి నిలబెట్టుకుంటూ ఆ కలత బయటికి పరుగెడుతుంది. దానికి గాలి అక్కర్లేదు, నీళ్లు అక్కర్లేదు, అసలు ఏ పదార్థమూ అక్కర్లేదు.

ఆ కలత ఎంత వేగంతో పోవాలో జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ 1860లలో లెక్కగట్టాడు. లెక్కలోకి వెళ్లినవన్నీ విద్యుత్తు, అయస్కాంతాల కొలతలే, కాంతి ఊసే లేదు. వచ్చిన జవాబు మాత్రం సెకనుకు దాదాపు 3 లక్షల కిలోమీటర్లు. అప్పటికే 1849లో ఫిజో అనే ఫ్రెంచి శాస్త్రవేత్త పళ్ల చక్రం ఒకటి వేగంగా తిప్పుతూ, దాని సందుల్లోంచి 8 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అద్దానికి వెలుగు పంపి వెనక్కి రప్పించి, కాంతి వేగం కొలిచాడు. అదీ దాదాపు అంతే వచ్చింది. రెండు అంకెలు ఇంత దగ్గరగా ఉన్నాయంటే రెండూ ఒకటే అయ్యుండాలి అన్నాడు మాక్స్‌వెల్. 1887, 88లలో హైన్‌రిష్ హెర్ట్జ్ నిప్పురవ్వలతో అలాంటి తరంగాలను ప్రయోగశాలలోనే పుట్టించి, అవి అద్దానికి తగిలిన కాంతిలా వెనక్కి వస్తాయనీ, పట్టకంలో పడ్డ కాంతిలా వంగుతాయనీ చూపించేశాడు. అది చూడ్డానికి మాక్స్‌వెల్ లేడు, 1879లోనే పోయాడు.

అంటే రేడియో తరంగాలు, మైక్రోవేవ్, పరారుణం, మనకు కనబడే కాంతి, అతినీలలోహితం, ఎక్స్‌రే, గామా, ఇవన్నీ ఒకే సరుకు. తేడా అంతా తరంగదైర్ఘ్యంలోనే. ఎఫ్ఎం రేడియో తరంగం పొడవు సుమారు 3 మీటర్లు, పచ్చ కాంతిది సుమారు 530 నానోమీటర్లు, అంటే మిల్లీమీటరులో దాదాపు 1,900వ వంతు. ఇంత పెద్ద వరసలో మన కన్ను పట్టుకునేది 380 నుంచి 750 నానోమీటర్ల దాకా ఉన్న సన్నటి ముక్క మాత్రమే. ఎరుపు అవతల ఏమీ కనబడని చోట థర్మామీటర్ పెట్టి, అక్కడా వేడెక్కుతోందని 1800లో విలియం హెర్షెల్ కనిపెట్టేదాకా, కనబడని కాంతి అనేది ఒకటి ఉంటుందని ఎవరికీ తట్టలేదు. మర్నాటి ఏడాదే యోహాన్ రిట్టర్ రెండో కొస దగ్గర, ఊదా అవతల, వెండి లవణం నల్లబడడం చూసి అతినీలలోహితాన్ని పట్టుకున్నాడు.

వేడి నుంచి వచ్చే వెలుగు

వస్తువు వేడిగా ఉండడమంటే అందులోని అణువులు, ఎలక్ట్రాన్లు కుదురు లేకుండా అల్లాడుతుండడమే. ఆవేశాలు అల్లాడితే తరంగాలు పుడతాయని ఇప్పుడే అనుకున్నాం కాబట్టి, వేడి ఉన్న ప్రతి వస్తువూ వెలగాలి. నిజంగానే వెలుగుతుంది. మీరూ వెలుగుతున్నారు, మీ వెనకున్న గోడా వెలుగుతోంది. కాకపోతే ఒంటి వేడికి పుట్టే కాంతి 10 మైక్రోమీటర్ల చుట్టుపక్కల, పరారుణంలో ఉంటుంది, థర్మల్ కెమెరా చూసేది దాన్నే. ఇనుమును కాలుస్తూ పోతే 525 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో చీకట్లో మసక ఎరుపు మొదలవుతుంది. ఇనుమే కాదు, రాయైనా పింగాణీ అయినా దాదాపు అదే వేడి దగ్గర అదే ఎరుపు. 1847లో జాన్ డ్రేపర్ ఈ సంగతి గమనించాడు. ఇంకా కాలిస్తే నారింజ, పసుపు, తెలుపు.

నక్షత్రాల రంగులూ ఇంతే. ఆర్ద్ర ఎర్రగా ఉందంటే దాని ఉపరితలం సుమారు 3,500 కెల్విన్లే అని, సిరియస్ నీలం కలిసిన తెలుపులో ఉందంటే అక్కడ దాదాపు 10,000 కెల్విన్లని అర్థం. మన సూర్యుడు మధ్యలో, 5,770 దగ్గర. కుళాయిల మీద ఎరుపంటే వేడి, నీలమంటే చల్లన అని గుర్తులు పెడతారు గానీ, వెలుగుల లెక్కలో అది సరిగ్గా తలకిందులు.

పాత ఫిలమెంట్ బల్బు జబ్బు కూడా ఇక్కడే ఉంది. టంగ్‌స్టన్ తీగ 3,422 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది కాబట్టి దాన్ని 2,500 డిగ్రీల చుట్టుపక్కల ఆపేయాలి, ఆ వేడికి పుట్టే శక్తిలో నూటికి 90 పాళ్లకు పైగా పరారుణంలోనే పోతుంది. నిజానికి అది హీటరు, పనిలో పనిగా కాస్త వెలుగూ ఇస్తుంది.

కొవ్వొత్తి సంగతి ఇంకా బాగుంటుంది. అందులో కనబడే పసుపు మంటదని అనుకుంటాం, కాదు, మసిది. మైనం ఆవిరై అరకొరగా కాలినప్పుడు పుట్టే కార్బన్ నలుసులు 1,000 డిగ్రీలు దాటి వేడెక్కి, కాల్చిన ఇనుములాగే మెరుస్తాయి. నమ్మకం కుదరకపోతే చల్లటి స్టీలు చెంచా ఒకటి మంట పసుపు భాగంలో రెండు సెకన్లు పెట్టి తీయండి. నల్లటి మసి అంటుకుని వస్తుంది. ఇందాక పసుపుగా మెరిసింది ఆ నలుపే. ఇప్పుడు చెంచా తుడిచి, వత్తి మొదట్లో ఉండే నీలం అంచు దగ్గర పెట్టండి, మసి దాదాపు అంటదు. ఆ నీలం వేడి నలుసులది కాదు, మండే రసాయన చర్యలో అదనపు శక్తితో పుట్టి, ఆ అదనాన్ని వెంటనే వదిలేసుకునే చిన్న చిన్న అణువులది. అంటే ఒక్క కొవ్వొత్తిలోనే రెండు రకాల వెలుగులున్నాయి. ఆ రెండో రకం దగ్గరికి కాసేపట్లో వద్దాం.

సూర్యుడి విషయంలో మాత్రం తరచూ కనబడే ఒక తప్పు మాటను సరిచేయాలి. సూర్యుడి గర్భంలో దాదాపు కోటిన్నర డిగ్రీల వేడిలో హైడ్రోజన్ హీలియంగా మారుతూ, సెకనుకు 40 లక్షల టన్నులకు పైగా ద్రవ్యరాశి శక్తిగా మారిపోతుంది. అక్కడ పుట్టేది గామా కాంతి. ఆ శక్తి పైకి తేలడానికి వేల ఏళ్ల నుంచి లక్ష ఏళ్లకు పైగా పడుతుందని అంచనాలున్నాయి. దీన్ని పట్టుకుని "మీ కంట్లో పడే ఎండ లక్ష ఏళ్ల కిందట పుట్టింది" అని రాసేస్తుంటారు. కాదు. లోపల పుట్టిన కాంతిని అక్కడి పదార్థం మింగడం, కొత్త కాంతిని వదలడం, మళ్లీ ఇంకోటి మింగడం, ఇలా లెక్కలేనన్ని సార్లు జరిగి ఒక్క గామా ముక్క శక్తి కొన్ని లక్షల మామూలు కాంతి ముక్కలుగా చిదిగిపోతుంది. మన దాకా వచ్చేది ఉపరితలం దగ్గర 8 నిమిషాల 20 సెకన్ల కిందట పుట్టిన కొత్త కాంతి. పాతది శక్తి మాత్రమే.

ఫిజిక్సుకు టెన్షన్ పెట్టిన పొయ్యి

వేడి వస్తువు ఏ రంగులో ఎంత శక్తి ఇస్తుందో 19వ శతాబ్దం చివరికల్లా చక్కగా కొలిచేశారు. కొలతలు బాగానే ఉన్నాయి, సిద్ధాంతమే కుదరలేదు. అప్పటికి తెలిసిన లెక్కల ప్రకారం తరంగదైర్ఘ్యం తగ్గేకొద్దీ శక్తి పెరుగుతూనే పోవాలి, అతినీలలోహితం దాటేసరికి అనంతం అయిపోవాలి. అదే నిజమైతే పొయ్యిలో బొగ్గు ఎక్స్‌రేలు కురిపించాలి, దాని ముందు కూర్చున్నవాళ్లెవరూ మిగలకూడదు.

1900 డిసెంబరులో మాక్స్ ప్లాంక్ ఒక మొండి ఉపాయం వేశాడు. శక్తిని ఎంత కావాలంటే అంత ఇచ్చిపుచ్చుకోవడం కుదరదు, ముక్కలుగానే కుదురుతుంది, ఒక్కో ముక్క ఎంతన్నది పౌనఃపున్యాన్ని (తరంగం సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందన్న లెక్క, తరంగదైర్ఘ్యం తగ్గితే ఇది పెరుగుతుంది) బట్టి ఉంటుంది అని. ఎరుపుకి చిన్న ముక్క, నీలానికి పెద్దది, అతినీలలోహితానికి ఇంకా పెద్దది. అంత పెద్ద ముక్కకు సరిపడా శక్తి, మామూలు వేడిలో అల్లాడుతున్న అణువు దగ్గర ఒకేసారి పోగవడం చాలా అరుదు. అందుకే బొగ్గు నుంచి అటువైపు కాంతి రాదు. లెక్క కొలతలతో అచ్చంగా సరిపోయింది. ప్లాంక్ మాత్రం దాన్ని లెక్క తేలడానికి చేసిన ఏర్పాటుగానే చూశాడు.

ఆ ముక్కలు లెక్కలోవి కాదు, కాంతిలోనే ఉన్నాయి అన్నది 1905లో ఐన్‌స్టీన్. లోహం మీద కాంతి పడితే కొన్నిసార్లు ఎలక్ట్రాన్లు ఊడి బయటికొస్తాయి. కాంతి ఒట్టి తరంగమే అయితే, ఎర్ర కాంతినైనా బాగా ఎక్కువగా, ఎక్కువసేపు పోస్తే ఎలక్ట్రాన్ ఎప్పటికో ఒకప్పటికి ఊడిరావాలి. రాదు. అదే తగినంత పౌనఃపున్యమున్న కాంతి అయితే మసకగా పడ్డా సరే, పడీపడగానే వస్తుంది. ఒక ఎలక్ట్రాన్‌ను ఒక ముక్క ఊడగొడుతుంది, ముక్క చాలినంత పెద్దది కాకపోతే ఎన్ని వేసినా లాభం లేదు. రాబర్ట్ మిల్లికన్ ఈ మాట తప్పని నిరూపిద్దామని ఏళ్ల తరబడి ప్రయోగాలు చేసి, చివరికి అది ఒప్పేనని తేల్చి కూర్చున్నాడు. ఐన్‌స్టీన్‌కు 1921 నోబెల్ వచ్చింది దీనికే, సాపేక్షతకు కాదు. 1924లో ఢాకాలో పాఠాలు చెబుతున్న సత్యేంద్రనాథ్ బోస్, ఈ ముక్కలు ఒకదానికొకటి ఏ తేడా లేనివి, వీటికి పేర్లు పెట్టి లెక్కపెట్టకూడదు అని ఊహించి ప్లాంక్ సూత్రాన్ని మళ్లీ సాధించి ఐన్‌స్టీన్‌కు పంపించాడు. ముక్కకు ఫోటాన్ అనే పేరు స్థిరపడింది 1926 తర్వాతే.

ఇదంతా పుస్తకాల గొడవ అనుకోనక్కర్లేదు. ఎండలోని అతినీలలోహితం చర్మకణాల్లోని డీఎన్ఏను నేరుగా దెబ్బతీయగలదు, ఎందుకంటే దాని ఒక్కో ఫోటాన్‌కి రసాయన బంధాలను చెదరగొట్టేంత శక్తి ఉంది. గది హీటరు అంతకన్నా ఎక్కువ శక్తి మీ మీద పోయొచ్చు, ఒళ్లు వేడెక్కుతుందే తప్ప ఆ పని జరగదు. ఇదే లెక్క మొబైల్ టవర్‌కు వేయండి: 2 గిగాహెర్ట్జ్ తరంగంలో ఒక్కో ఫోటాన్ శక్తి, మామూలు దీపం వెలుగులోని ఫోటాన్‌ శక్తిలో దాదాపు రెండున్నర లక్షల వంతు. బంధాలు తెంచే విషయంలో టవర్ కంటే టేబుల్ మీది దీపమే బలమైనదన్నమాట. బాగా ఎక్కువ మోతాదులో రేడియో తరంగాలు వేడి పుట్టించగలవు, మైక్రోవేవ్ ఓవెన్ చేసేది అదే, అది వేరే సంగతి. ఏ ఫోటాన్‌ అన్నది చూడకుండా అన్నిటినీ "రేడియేషన్" అని ఒకే గాటన కట్టి భయపెట్టేవాళ్లను చూస్తే నాకు చిరాకు.

గీతలుగా వచ్చే వెలుగు

ఇప్పుడు రెండో రకం. ఘనపదార్థంలో పరమాణువులు కిక్కిరిసి ఉంటాయి కాబట్టి వేడి వెలుగులో అన్ని రంగులూ కలిసిపోయి వస్తాయి. పరమాణువులను వాయువులో విడివిడిగా వదిలేస్తే కథ మారుతుంది. పరమాణువులో ఎలక్ట్రాన్‌కు శక్తి స్థాయిలు మెట్లలా ఉంటాయి, ఈ మెట్టు మీదో ఆ మెట్టు మీదో నిలబడాలి గానీ మధ్యలో నిలబడడం కుదరదు. 1913లో నీల్స్ బోర్ హైడ్రోజన్‌కి ఈ లెక్క వేసి చూపించాడు. పై స్థాయి నుంచి కిందికి దిగేటప్పుడు రెండిటి మధ్య ఎంత తేడా ఉందో అంత శక్తి ఒక్క ఫోటాన్‌గా పోతుంది. తేడాలు ఒక్కో మూలకానికి ఒక్కో తీరు, కాబట్టి రంగులూ ఒక్కో మూలకానికి ఒక్కో తీరు. గ్యాస్ స్టవ్ నీలి మంట మీద ఉప్పు నీళ్లు చింది పడితే పసుపుగా భగ్గుమంటుందే, అది సోడియం 589 నానోమీటర్ల గీత.

పాత సీడీ ఒకటి వెతకండి. దాని మీద 1.6 మైక్రోమీటర్ల ఎడంతో గాడి చుట్టలు చుట్టుకుని ఉంటుంది, అందుకే అది కాంతిని రంగులుగా విడదీస్తుంది. రాత్రిపూట గదిలో ఒక్క దీపమే ఉంచి, సీడీని కంటి దగ్గర వాలుగా పట్టుకుని, దీపం ప్రతిబింబానికి పక్కగా వచ్చే రంగుల పట్టీని చూడండి. ఫిలమెంట్ బల్బయితే ఎరుపు నుంచి ఊదా దాకా ఎక్కడా తెగని పట్టీ. సీఎఫ్‌ఎల్ అయితే పట్టీ ముక్కలైపోయి, ఒక్కో రంగులో ఒక్కో బల్బు బొమ్మ విడివిడిగా కనబడుతుంది. తెల్ల ఎల్‌ఈడీ అయితే నీలం ఒకచోట గట్టిగా, దాని పక్కన కాస్త మసక, ఆ తర్వాత పచ్చ నుంచి ఎరుపు దాకా వెడల్పుగా. నేరుగా చూస్తే మూడూ "తెల్ల" దీపాలే. సూర్యుడితో మాత్రం ఈ పని చేయకండి, కళ్లు దెబ్బతింటాయి.

ఎండలోనూ గీతలున్నాయి, కాకపోతే నల్లవి. 1814లో ఫ్రౌన్‌హోఫర్ వాటిని వందల్లో గుర్తించి పేర్లు పెట్టాడు. సూర్యుడి పై పొరల్లోని మూలకాలు తమకు తగిన ఫోటాన్లను దారిలోనే పట్టేసుకోవడం వల్ల ఆ ఖాళీలు ఏర్పడుతున్నాయని 1859లో కిర్కాఫ్ చెప్పాడు. ఆయన, బున్‌సెన్ కలిసి మొదలుపెట్టిన ఈ పద్ధతితో, ఎప్పటికీ ముట్టుకోలేని వస్తువు దేనితో తయారైందో కూర్చున్నచోటి నుంచే చెప్పడం వీలైంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం చూడ్డానికి ఫ్రాన్స్ నుంచి వచ్చిన జూల్ జాన్సెన్ గుంటూరులో మకాం పెట్టి, సూర్యుడి అంచున ఎగిసే జ్వాలల వర్ణపటం, అంటే విడదీసిన రంగుల పట్టీ, చూశాడు. గీతలు ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే, మర్నాడు గ్రహణం లేకుండానే మళ్లీ చూడగలిగాడు. ఆ జ్వాలల కాంతిలో ఒక పసుపు గీత సోడియం గీతకు దగ్గర్లోనే ఉంది గానీ సోడియానిది కాదు. భూమ్మీద అప్పటికి తెలిసిన దేనిదీ కాదని ఇంగ్లండ్‌లో నార్మన్ లాక్యర్ తేల్చాడు. హీలియం అలా బయటపడింది. భూమ్మీద అది దొరికింది 1895లో.

ట్యూబ్‌లైట్‌లో పని రెండు దశల్లో నడుస్తుంది. విద్యుత్తు పాదరసం ఆవిరిని కదిలిస్తే ముఖ్యంగా 254 నానోమీటర్ల అతినీలలోహితం వస్తుంది, గొట్టం లోపల పూసిన తెల్ల పొడి దాన్ని మింగి కనబడే కాంతిగా వదులుతుంది. పెద్ద ఫోటాన్ మింగి చిన్నది వదలడమే తప్ప ఇలాంటి మామూలు పూతలు చిన్నది మింగి పెద్దది వదలలేవు, మిగిలిన శక్తి వేడిగా పోతుంది. మిణుగురులో కరెంటు బదులు రసాయన చర్య, లూసిఫెరిన్ అనే పదార్థం ఆక్సిజన్‌తో కలిసినప్పుడు పుట్టే అణువు అదనపు శక్తిని కాంతిగా వదిలేస్తుంది. ఇది దాదాపు 90 శాతం సమర్థంగా జరుగుతుందని చాలాకాలం రాసుకున్నారు, తర్వాతి కొలతల్లో 40 చుట్టూ తేలింది. అయినా తక్కువేం కాదు.

ఎల్‌ఈడీలో మెట్లు పరమాణువువి కావు, అర్ధవాహక (సెమీకండక్టర్) స్ఫటికానివి. కరెంటు తోసిన ఎలక్ట్రాన్ పై శక్తి స్థాయిల పట్టీ నుంచి కింది పట్టీలోని ఖాళీలోకి దిగుతుంది, ఆ తేడా ఎంతుంటే ఆ రంగు. 1962లో నిక్ హోలోన్యాక్ ఎరుపు ఎల్‌ఈడీ చేశాడు. నీలం దగ్గర ముప్పయ్యేళ్లు ఆగిపోయింది, ఎందుకంటే నీలానికి కావాల్సినంత పెద్ద తేడా ఉన్న గాలియం నైట్రైడ్‌ను లోపాల్లేని స్ఫటికంగా పెంచడం ఎవరికీ లొంగలేదు. దాన్ని సాధించిన అకసాకి, అమానో, నకమురాలకు 2014లో నోబెల్ ఇచ్చారు. ఒక రంగు బల్బుకి నోబెలా అంటే, ఆ రంగు లేకపోతే తెల్ల ఎల్‌ఈడీ లేదు. తెల్ల ఎల్‌ఈడీ అంటే నీలం ఎల్‌ఈడీ మీద పసుపు పూతే. ఫోన్ ఫ్లాష్ ఆరిపోయి ఉన్నప్పుడు దగ్గరగా చూస్తే ఆ పసుపు మచ్చ కనబడుతుంది. ఇక లేజర్: పై మెట్టు మీదున్న ఎలక్ట్రాన్ దగ్గరికి సరైన ఫోటాన్ వస్తే, అది కిందికి దిగి అచ్చం అలాంటి ఇంకో ఫోటాన్‌ను జోడిస్తుందని 1917లో ఐన్‌స్టీన్ రాశాడు. దాన్ని ఆధారంగా చేసుకుని 1960లో థియొడోర్ మైమన్ కెంపు కడ్డీతో మొదటి లేజర్ వెలిగించాడు.

మూడు రకాల "తెలుపు" ఒకేలా ఎందుకు కనబడుతోందంటే, రంగు కాంతిలో సగమే ఉంది, మిగతా సగం కంటిలో ఉంది. కంట్లో రంగులకు మూడు రకాల కణాలే ఉన్నాయి, ఆ మూడిటినీ ఒకే పాళ్లలో కదిలించే ఏ మిశ్రమమైనా మెదడుకు ఒకటే. స్క్రీన్ మీద పసుపు బొమ్మ పెట్టి చిన్న నీటి చుక్క వేసి చూడండి. ఎరుపు, పచ్చ చుక్కలే తప్ప పసుపు చుక్క ఒక్కటీ ఉండదు.

మరి దారిలో ఏం జరుగుతోంది?

పుట్టినప్పుడు ముక్క, పడినప్పుడూ ముక్క. ఆ రెండిటి మధ్య? ఈ ప్రశ్నకు ముందు వేగం మాట. కాంతికి ప్రయాణానికి సమయం పడుతుందని 1676లో ఓలే రోమర్, గురుగ్రహం చందమామల్లో ఒకటైన అయో గ్రహణాలు భూమి దూరమయ్యేకొద్దీ ఆలస్యం కావడం చూసి చెప్పాడు. ఇప్పుడు శూన్యంలో కాంతి వేగం సెకనుకు 299,792,458 మీటర్లు, ఇక దీన్ని కొలిచే పనే లేదు, 1983 నుంచి మీటరునే ఈ అంకెతో నిర్వచిస్తున్నారు. నీళ్లలో ఇది 2,25,000 కిలోమీటర్లకు, వజ్రంలో సుమారు 1,24,000కు తగ్గుతుంది. ఫోటాన్లు దారిలో అణువులకు గుద్దుకుంటూ పోవడం వల్ల నెమ్మదిస్తాయని చెబుతుంటారు, అది తప్పు. అలా గుద్దుకుంటే కాంతి చెల్లాచెదరైపోయేది, గాజు పారదర్శకంగా ఉండేదే కాదు. వచ్చిన తరంగం పదార్థంలోని ఎలక్ట్రాన్లను ఊపుతుంది, ఊగే ఎలక్ట్రాన్లు తమ తరంగాలు వదులుతాయి, అన్నీ కలిసిన తరంగం శిఖరాలు వెనకబడి నడుస్తాయి. ఇది తరంగ భాషలో తప్ప చెప్పలేని సంగతి.

తరంగమనడానికి గట్టి సాక్ష్యం 1800 తర్వాత వచ్చింది. కాంతి కణాలేనని న్యూటన్, తరంగమని హైగెన్స్ వాదించుకున్న శతాబ్దం తర్వాత, థామస్ యంగ్ రెండు సన్నని దారుల గుండా వచ్చిన కాంతి కలిసే చోట వెలుగు, చీకటి పట్టీలు పడతాయని చూపించాడు. వెలుగుకు వెలుగు కలిస్తే చీకటి రావడం కణాలతో కుదిరే పని కాదు. 1818లో ఫ్రెనెల్ తరంగ సిద్ధాంతాన్ని పోటీకి పంపితే, న్యాయనిర్ణేతల్లో ఒకడైన పాయిజాన్, ఇదే నిజమైతే గుండ్రటి బిళ్ల నీడకు నడిమధ్యలో వెలుగు చుక్క ఉండాలి, ఎంత అసంబద్ధం అని దాన్ని కొట్టిపారేయబోయాడు. అరగో ప్రయోగం చేసి చూశాడు. చుక్క ఉంది.

ఇప్పుడు రెండు కథలనూ ఒకచోట పెట్టాలి. 1909లో జాఫ్రీ టేలర్ అనే కుర్రాడు కాంతిని ఎంత మసక చేశాడంటే, పెట్టెలో ఒక సమయంలో ఒక్క ముక్కకు మించి ఉండడమే అరుదు. సూది నీడను ఫోటో తీయడానికి నెలలు పట్టింది. అంచున పడే పట్టీలు మాత్రం మామూలు వెలుగులో ఎలా పడతాయో అలాగే పడ్డాయి. ఈనాటి డిటెక్టర్లతో ఇదే పని చేస్తే కళ్ల ముందే కనబడుతుంది: తెర మీద ఒక్కో ఫోటాన్ ఒక్కో చుక్కగా పడుతుంది, మొదటి పది చుక్కలు అడ్డదిడ్డంగా ఉంటాయి, వేలల్లోకి వచ్చేసరికి పట్టీలు తేలతాయి. ఒక్కొక్కటే వచ్చాయి కాబట్టి ఒకదాన్నొకటి తాకి పట్టీలు కట్టే అవకాశం లేదు. ఏ దారిలో వచ్చిందో కనిపెట్టే ఏర్పాటు పెడితే పట్టీలు మాయమవుతాయి.

కాబట్టి "ఒకసారి అది, ఒకసారి ఇది" అనడం సరైన చెప్పడం కాదు. ఎక్కడ పడే అవకాశం ఎంత అన్నది ప్రతిసారీ తరంగ నియమాలే నిర్ణయిస్తాయి, ఇచ్చిపుచ్చుకోవడం ప్రతిసారీ పూర్తి ముక్కగానే జరుగుతుంది. రెండూ ఎప్పుడూ కలిసే ఉంటాయి. ఒక వాటు పచ్చ కాంతిలో సెకనుకు 27 పక్కన 17 సున్నాలు పెట్టినన్ని ఫోటాన్లు ఉంటాయి గనక ముక్కలతనం మనకు తెలియదు, అంతే.

తెలిసే చోటు ఒకటుంది, ఫోన్ కెమెరా. ఒక బిందువు నుంచి వచ్చిన కాంతి, ఎంత ఖరీదైన లెన్సు పెట్టినా, సెన్సర్ మీద ఒకటి రెండు మైక్రోమీటర్ల మచ్చగానే పడుతుంది. లెన్సు కన్నం అంత చిన్నదైనప్పుడు తరంగం ఆ మేరకు పరుచుకోవడం తప్పదు. పిక్సెల్‌ను మైక్రోమీటరు కన్నా చిన్నది చేసి మెగాపిక్సెళ్ల అంకె పెంచుకోవచ్చు గానీ, ఆ మేరకు కొత్త వివరం రాదు. అదే సెన్సర్ మీద ఫోటాన్లు పడేది మాత్రం ఒక్కొక్కటిగా, ఓ క్రమం లేకుండా. సగటున 100 పడాల్సిన చోట ఒక పిక్సెల్‌లో 90, పక్కదాంట్లో 110 పడడం మామూలే, అంటే 10 శాతం తేడా. పట్టపగలు 10,000 పడే చోట తేడా 100, ఒక్క శాతం. మసక వెలుతురులో తీసిన ఫోటోలో గోడ మీద ఇసుక చల్లినట్టు కనబడే ఆ నాయిస్‌లో పెద్ద భాగం కెమెరా లోపం కాదు, కాంతి ముక్కలుగా రావడమే. నైట్ మోడ్‌లో ఫోన్ కదపొద్దని చెప్పి రెండు మూడు సెకన్ల పాటు వరసగా ఫ్రేములు తీసి కలిపేది ఇంకొన్ని ఫోటాన్లు లెక్కపెట్టుకోవడానికే.